డాక్టరుకు చెప్పని పొడి

సలేశ్వరం దిగాలంటే మోకాళ్లు గట్టిగా ఉండాలి. నల్లమలలో బండ్లు ఆగే చోటు నుంచి కొండ అంచున చాలాసేపు నడక, ఆ తర్వాత రాళ్ల మీద దిగుడు. కొన్నిచోట్ల కూర్చుని జారాలి. కొన్నిచోట్ల ముందు పోయే మనిషి భుజం పట్టుకోవాలి, ఆ మనిషి ఎవరైనా సరే. అడుగున లోయ, పైనుంచి పడే నీళ్లు, గుహలో లింగమయ్య. ఏడాది పొడుగునా మూసి ఉండే ఆ దారిని చైత్ర పౌర్ణమికి నాలుగైదు రోజులు తెరుస్తారు. అచ్చంపేటలో విలేకరిగా చేరిన ఏడాదే మొదటిసారి దిగాను. తర్వాత మహబూబ్‌నగర్ డెస్కుకు మారినా ఆ జాతర వార్తను ఇంకొకరి చేతికి పోనివ్వలేదు.

ఇన్నేళ్లలో నా భార్య సుగుణను ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. డ్యూటీ మీద పోతున్నాను, అక్కడ నిన్నెవరు చూసుకుంటారు అనేవాణ్ని. ఆమె నా వార్త చదివి, పేపరు మడిచి పక్కన పెట్టేది. పదవీ విరమణ నాడు ఆఫీసు వాళ్లు వేసిన దండ ఇంకా మెడలో ఉండగానే అడిగింది.

"ఇగ డ్యూటీ లేదు గద. వచ్చే సలేశ్వరానికి నన్ను తీస్కపోతవా?"

తీసుకుపోతానన్నాను. ఆ మాట నిలబెట్టుకోవాలన్న ఆరాటంలో నేను చేసిన పనుల గురించే ఇది రాస్తున్నాను. ఇప్పుడు కుదుటపడ్డాను. నాలాంటి తొందర ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు, వాళ్లకు పనికొస్తే అంతే చాలు.

అంతా మొదలైంది వానాకాలంలో, చికున్‌గన్యాతో. ఆ ఏడు మా గల్లీలో ఇంటికొకరు మంచం పట్టారు. జ్వరం వారంలో పోయింది. నొప్పులు పోలేదు. పొద్దున లేచి నేల మీద పాదం మోపడానికి గోడ కావాలి. చెంబు పట్టుకోవడానికి రెండు చేతులు కావాలి. మందుల షాపులో అడిగితే ఒక గోలీ ఇచ్చాడు. అది వేసుకున్న గంటకు మనిషినయ్యేవాణ్ని, అందుకని వేసుకుంటూ పోయాను. రెండు నెలలు ఇంటి గుమ్మం సరిగ్గా దాటలేదు. ఆ తర్వాత ఒకరోజు ప్యాంటు వేసుకుంటే తొడల దగ్గర బట్ట వేలాడింది. బెల్టు కొత్త రంధ్రం దాకా పోయింది. ఆ కాళ్లను చూసుకుంటే నాకు లోయ గుర్తొచ్చింది. ఈ కాళ్లతో దిగడమా?

దీపావళి వెళ్లాక జిమ్ములో చేరాను. అది షట్టర్ల బిల్డింగులో మూడో అంతస్తు, అక్కడిదాకా మెట్లెక్కడమే నాకు సగం కసరత్తు. దాన్ని నడిపే నవీన్‌కు ముప్పై ఏళ్లుంటాయేమో. ఆయాసపడుతూ వచ్చిన నన్ను చూసి కుర్చీ జరిపాడు.

"ఎవరి కోసం వచ్చిన్రు అంకుల్? కొడుకా, అల్లుడా?"

"నా కోసమే. కాళ్లు గట్టిపడాలె."

నా కాళ్ల వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఎప్పటిదాంక గట్టిపడాలె?"

"చైత్ర పౌర్ణమికి."

"అదెప్పుడొస్తది? నాకు తారీఖు జెప్పుండ్రి, తిథులు నాకు దెల్వయ్."

మంచివాడు. బరువులు తొందరపడి ఎత్తనిచ్చేవాడు కాదు. నెల తర్వాత, నా కాళ్లలో పెద్ద మార్పు లేదని నేనే గొణుగుతుంటే, క్రియాటిన్ సంగతి చెప్పాడు.

"గిది స్టెరాయిడ్ కాదు అంకుల్, భయపడకుండ్రి. మాంసంల, చేపల్ల ఉండేదే. కండకు జర జోరిస్తది. దినానికి ఒక్క చిన్న చెంచా, అంతకంటె వద్దు. నీళ్లు మాత్రం మస్తు తాగాలె, మూడు లీటర్లన్న."

"మూడు లీటర్లా? నేనేమన్న బర్రెనా?"

"బర్రె నయం అంకుల్, దూప అయితే తాగుతది. మీరు వచ్చి నెలాయె, ఒక్కనాడు బాటిల్ మూత తీసింది నేను చూడలే. గోలీలేమన్న వాడుతున్నరా? ముందుగాల ఒకసారి కిడ్నీ టెస్టు చేపిచ్చుకోండ్రి."

"ఏం వాడత లేను. టెస్టులన్నీ బాగనే ఉన్నయ్."

టెస్టు చేయించుకోలేదు. గోలీలు వాడుతూనే ఉన్నాను. అబద్ధం ఆడుతున్నానని అప్పుడు అనిపించలేదు. బీపీకో షుగరుకో వేసుకునేది మందు, నొప్పికి వేసుకునేది వట్టి గోలీ అని మా మనసులో ఒక లెక్క.

నీళ్ల సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు పల్లె. మా చిన్నప్పుడు ఆ ఊళ్లో బోరింగు కొడితే నీళ్లకు కొదవలేదు, కానీ ఫ్లోరైడున్న ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు వంగేవి. మా వాడలోనే నలభై ఏళ్లకు నడుము ఎత్తలేని మనుషులుండేవారు. తియ్యటి నీళ్లు ఎక్కడో దూరాన ఒక రైతు బావిలో ఉండేవి. మా అమ్మ పొద్దున్నే పోయి రెండు బిందెలు తెచ్చేది. ఇంట్లో ఆరుగురం. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. మూడోసారి చెయ్యి చాపితే "బోరింగు నీళ్లు తాగుతవా బిడ్డా, నడుము వంచుకుంటవా?" అనేది. నాలుక తడుపుకుని దాహం ఆపుకోవడం మాకు బడికి పోకముందే వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లలో ఇంటింటికీ నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. నాకు మాత్రం ఆ అలవాటు పోలేదు. పోకపోగా దాని మీద గర్వం ఉండేది. సలేశ్వరం ఎక్కి వచ్చేసరికి తోటి విలేకరుల సీసాలన్నీ ఖాళీ అయ్యేవి, నాది సగం నిండుగా ఉండేది. వాళ్లకు చూపించేవాణ్ని కూడా.

డబ్బా మీద మొదటి అయిదు రోజులు రోజుకు నాలుగు చెంచాలు, తర్వాత ఒకటి అని ఉంది. నవీన్ మొదటి నుంచీ ఒకటే చాలన్నాడు. నేను నాలుగుతో మొదలుపెట్టి నాలుగు దగ్గరే ఉండిపోయాను. అయిదు రోజుల్లో అంత చేసేది రెండు నెలల్లో ఇంకెంత చేస్తుందని నా ఆశ. ముప్పై ఏళ్లు ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ని, ఆ డబ్బా మీది రెండో ముక్కను కావాలనే చదవలేదు.

పైగా దాన్ని దాచాను. ఒకప్పుడు జిమ్ము పొడులు తిని ఆస్పత్రిపాలైన ఒకాయన వార్తకు వెక్కిరింపు హెడ్డింగు పెట్టింది నేనే. డెస్కులో అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డ నా ఇంట్లో ఆ డబ్బా కనబడితే సుగుణ ఏమంటుందో అని, పొడిని నా పాత స్టీలు టిఫిను డబ్బాలో పోసి, బీరువాలో కాగితాల వెనక పెట్టాను.

మొదటి నెల బాగుంది, నిజమే చెప్పాలి. మెట్లకు రెయిలింగు పట్టుకోవడం మానేశాను. సాయంత్రాలు సుగుణతో కలిసి స్టేడియం చుట్టూ నడిచేవాణ్ని. ఆమె దిగుడు గురించి అడిగేది. చీరె కట్టుకొని రావచ్చునా, చెప్పులు విడవాల్నా, నీళ్లు సల్లగుంటయా. నీళ్లు నెత్తిన పడితే చిన్న రాళ్లు పడ్డట్టుంటుందని చెప్పాను. ఆమె తల తడుముకుంది, అప్పుడే పడ్డట్టు. పడుకున్నా కళ్ల ముందు ఆ మలుపులే కదిలేవి. ఏ రాయి దగ్గర ఆమె చెయ్యి పట్టుకోవాలో, ఏ చెట్టు నీడలో కూర్చోబెట్టాలో అనుకుంటూ ఉండేవాణ్ని.

"ముఖం నిండింది నీకు" అంది ఒకరోజు. సంతోషపడ్డాను. అది వాపని తర్వాత తెలిసింది.

శివరాత్రికి ఒక్కపొద్దున్నాను. మా ఇంట్లో ఆనాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. పొద్దున్నే, ఇంకా ఉపవాసం మొదలుకాలేదన్న లెక్కతో, నాలుగు చెంచాలూ ఒకేసారి అరగ్లాసు నీళ్లలో వేసుకున్నాను. మోకాలి నొప్పికి గోలీ వేసుకున్నాను. జిమ్ముకు పోయి కాళ్ల కసరత్తు చేసి వచ్చాను. సాయంత్రానికి పిక్కలు పట్టేశాయి. మర్నాడు వాంతులు. ఆ మర్నాటికి మూత్రం తగ్గిపోయి, వచ్చిన కొంచెం డికాక్షను రంగులో వచ్చింది. సుగుణకు వాంతుల సంగతే చెప్పాను.

ఊళ్లోనే ఒక దవాఖానలో చేర్చింది. రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరు ముఖం మారింది. క్రియాటినిన్ చాలా ఎక్కువుందన్నాడు. కిడ్నీలు సరిగ్గా పనిచేయనప్పుడు రక్తంలో పేరుకునే వ్యర్థం అది.

"ఏమైనా వాడుతున్నారా? నొప్పి మాత్రలు, పసర్లు, పౌడర్లు?"

అంత సూటిగా అడిగాడు. జీవితమంతా నేను మనుషుల్ని అట్లాగే అడిగాను. తహసీల్దార్లను, సర్పంచులను, ఇల్లు కాలిపోయినవాళ్లను కూడా. తడబడినవాళ్లు ఏదో దాస్తున్నారని నోటుబుక్కులో ఒక చుక్క పెట్టుకునేవాణ్ని.

"లేదండీ" అన్నాను, తడబడకుండా.

పక్కనుంచి సుగుణ అందుకుంది. "ఏం వాడడు సార్. చాయ తప్ప ఇంకో అలవాటే లేదు."

ఆమె సాక్ష్యం చెప్పాక ఇక వెనక్కి పోయే దారి మూసుకుపోయినట్టు అనిపించింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. మూత్రం తేరుకుంది, వాంతులు తగ్గాయి, కానీ ఆ అంకె దిగవలసినంత దిగలేదు. ఇంటికి వచ్చాక నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గోలీలు మానేశాను, భయమేసి. పొడి మానలేదు. నాలుగు చెంచాలు ఒకటి చేశాను. పౌర్ణమికి ఇంకా నెలకు పైగా ఉంది. మానేస్తే కాళ్లు మళ్లీ పుల్లలవుతాయన్న భయం కిడ్నీల భయం కన్నా పెద్దదిగా ఉండేది. పది రోజులకు మళ్లీ పరీక్ష చేస్తే అంకె అక్కడే ఉంది. హైదరాబాదులో కిడ్నీ డాక్టరుకు చూపించమని చీటీ రాసిచ్చారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. షాద్‌నగర్ వచ్చింది. ఫ్యాక్టరీ బస్సులు వరసగా పోతుంటే సుగుణ వాటిని చూస్తూ ఉంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మన ఇద్దరిది ఒకటే రక్తం గద?"

"ఒకటే. ఎందుకు?"

"ఊకెనే. నిన్న మా తమ్ముడు చెప్తుండె, రక్తం కలిస్తే పెండ్లాం కూడ ఇయ్యొచ్చునంట. అవసరం పడితే నా కిడ్నీ ఇస్త. నువ్వు వద్దనకు. ఇప్పుడే చెప్తున్న."

నేను కిటికీ వైపు తిరిగాను. నా కాళ్ల దగ్గరున్న సంచిలో తువ్వాలు చుట్టిన టిఫిను డబ్బా ఉంది. రెండు రోజులు ఉండాల్సి వస్తుందేమోనని తెచ్చుకున్నాను.

ఆ దవాఖానలో కిడ్నీ డాక్టరు గది ముందు పొడుగాటి వరండా. డయాలసిస్‌కు వచ్చేవాళ్లూ, మాలాగా చూపించుకునేవాళ్లూ ఒకే బెంచీల మీద కూర్చుంటారు. మాకు చోటు లేక నిలబడితే, గళ్ల తువ్వాలు భుజాన వేసుకున్న ఒకాయన కాళ్లు ముడుచుకుని జరిగాడు. సుగుణ చాయ తెస్తానని పోయింది.

"ఏ ఊరు సార్?"

"ఉండేది మహబూబ్‌నగర్. పుట్టింది మునుగోడు దిక్కు."

"అరె, మనోడే!" ఆయన ముఖం వెలిగింది. "మాది మర్రిగూడ దిక్కు. నా పేరు యాదగిరి."

ఒడిలో చిన్న నీళ్ల సీసా ఉంది. దాని మీద పెన్నుతో రెండు గీతలు గీసి ఉన్నాయి. నేను చూడటం గమనించి ఎత్తి చూపించాడు. "గీ గీత దాంక పొద్దుటికి. గిది పగటికి. అడుగుది రాత్రికి. అంతకు మించితే పానం ఉబ్బుతది, దమ్మొస్తది." మూతలో కొంచెం పోసుకుని పెదవులు తడుపుకున్నాడు. "మా అమ్మ గిట్లనే లెక్కవెట్టి పోసేది సార్, చిన్నప్పుడు. ఇప్పుడేమో ఇంట్ల నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు. కొబ్బరి నీళ్ల లెక్కుంటయ్. మా ఆమె బిందెలు నింపుకుంటాంటే నేను అరుగు మీద కూసోని సప్పుడు ఇంటుంట."

ఈ జబ్బు ఎట్లా వచ్చిందని అడిగాను.

"గోలీలు సార్. నొప్పులు మనకు పుట్టుకతోటి వచ్చినయే గద. దున్నాలంటే గోలి, నాటెయ్యాలంటే గోలి. ఎన్ని మింగిన్నో లెక్క లేదు. మొదట్ల ఒక డాక్టర్ సాబ్ అడిగిండు, ఏమన్న వాడుతున్నవా అని. లేదన్న."

"ఎందుకన్నవ్?"

"అది మందని నాకేం ఎరుక? ఇంకోటి, మా ఆమె పక్కనే ఉండె. తెలిస్తే ఇంటికి పోయినంక కొట్లాడ్తదని." నవ్వాడు. పళ్ల మీద మా ఊరి మరకలే, గోధుమరంగు చారలు. "అప్పుడే చెప్తే కొంచెమన్న మిగిలేటియి అన్నరు గీ మేడం. ఇప్పుడు వారంల మూడు దినాలు మా ఆమెనే తీస్కొస్తది. కొట్లాడుడు బంద్ వెట్టింది సార్. ఒక్కసారి కొట్లాడితే బాగుండు అనిపిస్తది."

సుగుణ రెండు కప్పుల చాయతో వచ్చింది. ఒకటి యాదగిరికి ఇవ్వబోయింది. ఆయన సీసా చూపించి, తల అడ్డంగా ఊపి, "మీరు తాగుండ్రమ్మా, మంచిగ వాసన చూస్త" అన్నాడు. అప్పుడే నా పేరు పిలిచారు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. పాత కాగితాలన్నీ తిప్పి చూసి, కారణం దొరకడం లేదు, కిడ్నీ నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామంటూ పెన్ను తీసింది.

"రాయకండి" అన్నాను. "నేను చెప్పని సంగతులు రెండున్నాయి."

చెప్పాను. గోలీలు ఎన్నాళ్ల నుంచో, పొడి రోజుకెంతో, శివరాత్రినాడు ఏం చేశానో, నిన్న పొద్దున కూడా ఒక చెంచా వేసుకున్నానని. వార్త చదివినట్టు చెప్పాను. డబ్బా చూపించగలరా అని ఆమె అడిగితే సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

సుగుణ ఆ డబ్బా వైపు చూసింది. "గిది... గీ డబ్బా కనబడ్త లేదని నేను పక్కింటి లక్ష్మక్కను అడిగిన. నేనేమన్న దొంగనా అని ఆమె వారం దినాలు నాతోటి మాట్లాడలే."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఈ పొడి ఒంట్లో వాడుకోగా చివరికి మేం కొలిచే ఆ వ్యర్థంగానే మారి బయటికి పోతుంది. అందుకని దీన్ని వాడేవాళ్లకు కిడ్నీలు బాగున్నా ఆ అంకె కొంత ఎక్కువ చూపించవచ్చు. మీ అంకెలో పొడిది ఎంత, నిజంగా దెబ్బ తగిలింది ఎంత? మీరు చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుంది? అవసరమో కాదో తెలియని సూది గుచ్చేదాన్ని."

"పొడి చెడ్డదా మేడం?"

"అందరికీ కాదు. కిడ్నీలు బాగున్నాయని పరీక్ష చేయించుకుని, రోజుకు మూడు నుంచి అయిదు గ్రాములు, నీళ్లు సరిగ్గా తాగుతూ వాడితే చాలామందికి ఏమీ కాదు. ముందు నాలుగింతలు వేసుకోవాలన్న అవసరం కూడా లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, బీపీ షుగరు ఉన్నవాళ్లు, ఏదైనా మందు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు. మీరు నాలుగింతలు నెలల తరబడి వేసుకున్నారు. నొప్పి గోలీలు మింగారు. నీళ్లు తాగలేదు. దానిమీద ఉపవాసం, కసరత్తు. అసలు దెబ్బ గోలీలదీ, నీళ్లు లేకపోవడానిదీ అనుకుంటున్నాను. గోలీలు మళ్లీ ముట్టకండి. పొడీ మానండి. నీళ్లు ఎంత తాగాలో రాసిస్తాను. మూడు వారాలాగి మళ్లీ చూద్దాం. రక్తంలో ఇంకో రకం పరీక్ష ఉంది, దానికి కండతో, పొడితో అంతగా సంబంధం ఉండదు. అదీ చేయిద్దాం."

బయటికి వచ్చేసరికి యాదగిరిని లోపలికి తీసుకుపోయారు. బెంచీ మీద ఆయన తువ్వాలు చోటుకు కాపలాగా ఉంది.

తిరుగు బస్సులో జడ్చర్ల దాటాం. సుగుణ నా వైపు చూడకుండానే అంది.

"నా కిడ్నీ ఇస్తనంటే కిటికీ దిక్కు చూసినవ్."

నేను కాళ్ల దగ్గరి సంచిని సీటు కిందికి జరిపాను.

"పొడి తిన్నందుకు నాకేం లేదు. తిను, ఏమన్న జెయ్యి. నీ అబద్ధం నాతోటి గూడ చెప్పిచ్చినవ్ గా డాక్టర్ ముంగట. చాయ తప్ప ఏం లేదని మొగోనిలెక్క చెప్పిన నేను." ఇప్పుడు నా వైపు తిరిగింది. "ఎవరి కోసం తిన్నవ్ అదంత?"

"నిన్ను తీస్కపోదామని."

"నేనడిగిన్నా? సలేశ్వరం అడిగిన. కండలు అడిగిన్నా?"

పక్క సీటులో ఒకామె తిరిగి చూసింది. సుగుణ కొంగుతో ముఖం తుడుచుకుని, మిగతా దారంతా నన్ను తిట్టింది. చిన్నగా, ఆగకుండా, ఊరు వచ్చేదాకా. వింటూ కూర్చున్నాను. యాదగిరి కోరుకున్నది ఇదే కదా అనుకున్నాను.

ఆ మూడు వారాలు నీళ్లు తాగడం నేర్చుకున్నాను. సుగుణ గ్లాసు చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. రెండో గ్లాసు గొంతు దిగేది కాదు. ఇంకొకరి వంతు తాగుతున్నట్టు, అమ్మ ఎక్కడినుంచో చూస్తున్నట్టు ఉండేది. నవీన్ ఇంటికి వచ్చాడు, పండ్ల సంచితో. గడపలో నిలబడే అన్నాడు.

"నేనడిగిన గద అంకుల్, గోలీలు వాడుతున్నరా అని? టెస్టు గూడ చేపిచ్చుకొమ్మన్న."

"అడిగినవ్. తప్పు నాది."

"పేపర్ల రాస్తరా ఏంది నా మీద?"

"రాస్తే నా మీదనే రాస్త. లోపలికి రా, కూసో."

ఉగాది తర్వాత పరీక్ష ఫలితాలు వచ్చాయి. అంకె బాగా దిగింది. రెండో పరీక్ష కూడా దాదాపు బాగుంది. దాదాపు అన్న మాట డాక్టరమ్మదే. కొద్దిపాటి మచ్చ మిగిలిందని, అది పోతుందో ఉంటుందో ఏడాది చూస్తే గాని చెప్పలేనని అంది. సూదీ వద్దు, డయాలసిసూ వద్దు. సుగుణ అక్కడే కుర్చీలో కూర్చుని రెండు చేతులూ జోడించింది. నేను సలేశ్వరం సంగతి అడిగాను.

"చైత్రంలో, ఆ ఎండలో, అంత దిగుడూ ఎక్కుడూనా? ఈసారి వద్దు. మీ కిడ్నీలకు ఇంకో దెబ్బ తగిలితే నేను హామీ ఇవ్వను. వచ్చే ఏడాది అడగండి."

నేను పోకపోతే తానూ పోనంది సుగుణ. నాలుగు రోజులు వాదించుకున్నాం. చివరికి లక్ష్మక్క వచ్చి తేల్చింది. "నువ్వు రాకుంటె నేనొక్కదాన్నే పోత. నన్ను దొంగను జేసిన డబ్బాల పులిహోర వెట్టియ్యి, అంత చాలు."

అట్లా పౌర్ణమికి ముందురోజు ముగ్గురం బయల్దేరాం. మన్ననూరు దాటి, గేటు దాటి, అడవి దారిలో బండ్లు ఆగే చోటుకు చేరేసరికి పొద్దెక్కింది. అక్కడ నేను ఆగిపోయాను. సుగుణ చీరె కుచ్చిళ్లు పైకి దోపుకుంది. ఎక్కడ జారుతుందో, ఎక్కడ కుడిచేతి వైపు రాయి పట్టుకోవాలో నేను చెబుతుంటే కాసేపు విని, "మంది ఉన్నరు గదయ్యా" అని నడిచింది. వాళ్లిద్దరూ జనంలో కలిసిపోయేదాకా ఆకుపచ్చ కొంగును చూస్తూ నిలబడ్డాను.

తర్వాత ఒక చెట్టుకింద కూర్చున్నాను. దిగేవాళ్లు "వస్తున్నం వస్తున్నం లింగమయ్యా" అని అరుస్తూ పోతున్నారు. ఎక్కి వచ్చేవాళ్లు "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అంటున్నారు. ఇన్నేళ్లూ ఈ రెండు కేకల మధ్య నడిచినవాణ్నే, పక్కన కూర్చుని విన్నది లేదు. కేక వినబడ్డప్పుడల్లా నా పాదాలు వాటంతట అవే కదిలాయి. ఇప్పుడు మొదటి మలుపు, ఇప్పుడు జారుడు రాయి, ఇప్పుడు చల్లగాలి ముఖానికి తగిలే చోటు అని లెక్కేసుకుంటూ ఆమె వెంట లోలోపల దిగాను. లేచి నాలుగు అడుగులు వేశాను కూడా. మళ్లీ వచ్చి కూర్చున్నాను.

ఎండ వాలే వేళకు వచ్చారు. లక్ష్మక్క రొప్పుతూ వచ్చి బండి మెట్టు మీద కూలబడింది. సుగుణ మెల్లగా, నిటారుగా నడిచి వచ్చింది. జుట్టు తడిసి వీపుకు అంటుకుంది. మోకాలి దగ్గర చీరె చిరిగింది. ఆమె ముఖం నేనెప్పుడూ చూసినట్టు లేదు. నా పక్కన కూర్చుని, వచ్చిన దారి వైపు చూసింది.

"ఎట్లుంది?" అన్నాను.

"నువ్వు రాసినట్టు లేదు."

"మరెట్లుంది? నీళ్లు పడంగ ఏమనిపిచ్చింది? గుహల ఏం చూసినవ్?"

నా చెయ్యి జేబు తడుముతోంది, పెన్ను కోసం. ఆమె చూసింది. ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. తడి చెయ్యి, చల్లగా ఉంది.

"చెప్ప. చెప్తే రాస్తవ్. రాసినవంటే పోయొచ్చినట్టే అనిపిస్తది నీకు, మల్ల రావు." నా మోకాలి మీద చిన్నగా చరిచింది. "వచ్చే యేడు నువ్వే దిగి చూడు."